చిన్న డబ్బా, పెద్ద లెక్క



పీయూసీ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి మన గ్రూపులో ఒకే ప్రశ్న తిరుగుతోంది. పిల్లలు గేమింగ్ కంప్యూటర్ అడుగుతున్నారు. అదీ పెద్ద క్యాబినెట్ వద్దట, చెప్పుల పెట్టె అంత చిన్నది కావాలట. ధర చూస్తే మోటారు సైకిలు ధర. ఒకరు చిట్టీ పాడి కొందామనుకుంటున్నారు. ఇంకొకరు రిటైర్మెంటు డబ్బులోంచి తీద్దామనుకుంటున్నారు. జవాబులు ఇచ్చినవాళ్లలో సగం మంది "ఆటలకు అంత డబ్బా?" అన్నారు, మిగతా సగం "ఈ కాలం పిల్లలకు తప్పదు" అన్నారు. రెండూ జవాబులు కావని నా అభిప్రాయం. అడిగిన ప్రశ్న ఆట మంచిదా చెడ్డదా అని కాదు. అంత డబ్బు పెట్టి చిన్నది కొంటే ఏం వస్తుంది, ఏం పోతుంది అని.

ఈ ప్రశ్న కొత్తది కాదు. యంత్రాన్ని చిన్నది చేసిన ప్రతిసారీ ఎవరో ఒకరు దీన్ని ఎదుర్కొన్నారు. ముప్పై ఏళ్లకు పైగా రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, నాకు తెలిసిన దారిలోంచే చెబుతాను. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంటి భాష, అక్షరాలు సికింద్రాబాదు వచ్చాకే పట్టుబడ్డాయి. కాబట్టి భాషలో ఎక్కడైనా అరవ వాసన వస్తే సర్దుకోండి.

చెప్పదలచుకున్నది ముందే ఒక్క మాటలో చెప్పేస్తాను. వస్తువు చిన్నదైతే ఖర్చు పోదు, ఖర్చు చోటు మారుతుంది. ఎక్కడికి మారిందో చూసుకుని, అక్కడ కట్టగలమనుకుంటే కొనాలి. లేదంటే వద్దు. ఇక కథలోకి వెళదాం.

మన పక్క ఊరి చిన్న రైలు

బీదర్ నుంచి పర్లీ వైపు వెళ్లే రైల్లో లాతూర్ రోడ్డు స్టేషను మీ అందరికీ తెలుసు. అక్కడికి దగ్గర్లోనే లాతూరు పట్టణం. ఆ పట్టణానికి చాలా కాలం పెద్ద రైలు లేదు. బార్షీ లైట్ రైల్వే అని చిన్న రైలు ఉండేది. పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, దానిలో సగం కన్నా తక్కువ. ఎవరార్డ్ కాల్‌త్రోప్ అనే ఇంగ్లీషు ఇంజనీరు దీన్ని వేయించాడు. కుర్దువాడి దగ్గర నుంచి బార్షీ పట్టణం వరకు మొదటి ముక్క 1897లో తెరిచారు. తర్వాత ఒకవైపు లాతూరుకు, ఇంకోవైపు పండరిపురం మీదుగా మిరజ్‌కు పొడిగించారు.

కాల్‌త్రోప్ తెలివి ఏమిటంటే, గేజి చిన్నదైనంత మాత్రాన బండి బొమ్మ బండి కానక్కర్లేదన్నాడు. ఇంజను నుంచి వ్యాగన్ల దాకా ఒక్కో ఇరుసు మీద ఐదు టన్నులకు మించకుండా బరువు సమానంగా పంచాడు. తేలిక పట్టాల మీదే మంచి బరువు లాగించాడు. పత్తి మూటలు, పండరిపురం యాత్రికులు, అన్నీ ఆ చిన్న బండే మోసింది. చిన్న చోటులో ఎంత బలం పట్టించవచ్చో అంతా పట్టించిన పని అది. ఇప్పుడు పిల్లలు అడిగే చిన్న గేమింగ్ కంప్యూటర్ చేసేవాళ్లది కూడా సరిగ్గా ఇదే ప్రయత్నం.

మరి ఖర్చు ఎక్కడికి పోయింది? కుర్దువాడి గూడ్స్ షెడ్డుకు పోయింది. చిన్న బండి పెద్ద పట్టాల మీద నడవదు కదా. అందుకని వచ్చిన ప్రతి మూటనూ హమాలీలు ఒక వ్యాగన్‌లోంచి దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించాలి. దీన్ని మా భాషలో ట్రాన్స్‌షిప్‌మెంట్ అంటారు. కూలి, ఆలస్యం, తడిసిన సరుకు, చిరిగిన బస్తా, తప్పిపోయిన పార్సిలు, ఆ పైన క్లెయిములు. లైను వేసిన రోజు మిగిల్చిన డబ్బును ఆ తర్వాత ప్రతిరోజూ కొంచెం కొంచెంగా కట్టారు. మద్రాసు వైపు ఎగ్మోరు మీటర్‌గేజికి, సెంట్రల్ బ్రాడ్‌గేజికి మధ్య ఇదే తంతు చూస్తూ పెరిగినవాణ్ణి నేను. సికింద్రాబాదులోనూ మన్మాడ్ నుంచి వచ్చే మీటర్‌గేజి ఒకవైపు, బ్రాడ్‌గేజి ఒకవైపు. చివరకు 1992లో రైల్వే యూనిగేజి అని పెద్ద పథకం పెట్టి ఒక్కొక్కటే బ్రాడ్‌గేజికి మార్చుకుంటూ వచ్చింది. బార్షీ లైనును కూడా 2000 తర్వాత విడతలవారీగా మార్చారు.

అంతమాత్రాన చిన్న లైను వేయడం తెలివితక్కువ అనలేం. ఆ రోజుల్లో చిన్న లైను వేయకపోతే లాతూరుకు అసలు రైలే ఉండేది కాదు. ఆ ఊరికి ఆ లెక్క సరిపోయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

గది నుంచి బల్ల మీదికి

ఇప్పుడు కంప్యూటర్ల సంగతి. 1960ల్లో రైల్వే జోనల్ కార్యాలయాల్లోకి ఐబీఎం 1401 యంత్రాలు వచ్చాయి. జీతాల లెక్క, స్టోర్సు లెక్క, సరుకు రవాణా లెక్క వాటితో చేసేవారు. దానికి ఒక గది కావాలి, ఆ గదికి ఏసీ కావాలి. ఆఫీసులో మనుషులకు సీలింగ్ ఫ్యాను, యంత్రానికి ఏసీ. కొత్తగా చేరినవాళ్లకు అది వింతగా ఉండేది. కారణం ఒకటే. లోపల కరెంటు పని చేసిన ప్రతిచోటా వేడి పుడుతుంది, ఆ వేడి బయటికి పోకపోతే లెక్క తప్పుతుంది, లేదా యంత్రం ఆగుతుంది. గది పెద్దది కాబట్టి వేడిని బయటికి పంపడం కష్టం కాలేదు.

1985లో ఢిల్లీలో సీఎంసీ సంస్థ సాయంతో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. 1989లో సికింద్రాబాదుకు వచ్చింది. అప్పటికీ అసలు కంప్యూటరు ఏసీ గదిలోనే, కౌంటరులో మా ముందు ఉండేది టెర్మినల్ మాత్రమే. ఇంట్లో పెట్టుకునే కంప్యూటరు కథ మాత్రం వేరే దారిలో నడిచింది.

1981లో ఇంగ్లాండులో సింక్లెయిర్ సంస్థ జెడ్ఎక్స్81 అని అరచేతికి కొంచెం పెద్ద కంప్యూటర్ తెచ్చింది. తయారైనది కొంటే 70 పౌండ్లలోపే. లోపల నాలుగే చిప్పులు, మెమొరీ ఒక్క కిలోబైటు. ఆటలకు అది చాలదు కాబట్టి వెనకాల 16 కిలోబైట్ల మెమొరీ ప్యాకు తగిలించుకునేవారు. ఆ ప్యాకు ఊగేది. ఆట మధ్యలో బల్ల కొంచెం కదిలితే చాలు, అంతా చెరిగిపోయేది. యంత్రాన్ని చిన్నది చేసినందుకు ఖర్చు ఆ ఊగే అతుకులోకి మారింది.

1982లో కమోడోర్ 64 వచ్చింది. ఆటలకు పేరుపడ్డ యంత్రం. కీబోర్డులోనే కంప్యూటరంతా ఇమిడ్చారు. కరెంటును మార్చే భాగం లోపల పెడితే వేడెక్కుతుందని బయట ఇటుకలాంటి అడాప్టరులో పెట్టారు. ఆ అడాప్టర్లలో చాలావాటిని లోపల గట్టి జిగురు పోసి మూసేశారు. రిపేరు చేయలేం, గాలి తగలదు. పాతబడ్డాక అది చెడితే ఎక్కువ ఓల్టేజి పంపి కంప్యూటర్‌లోని చిప్పుల్ని కూడా కాల్చేసేది. వేడిని డబ్బాలోంచి తీసి పక్కన పెట్టారే తప్ప పోగొట్టలేదు.

యాపిల్ వాళ్ల కథ ఇంకా తమాషా. 1980లో వచ్చిన యాపిల్ 3కి ఫ్యాను వద్దని పట్టుబట్టారు, చప్పుడు ఉండకూడదని. ఆ ఇరుకులో చిప్పులు వేడెక్కి, చల్లారి, సాకెట్లలోంచి కొంచెం కొంచెం పైకి లేచేవి. యంత్రాన్ని రెండు మూడు అంగుళాలు ఎత్తి బల్ల మీద పడేస్తే చిప్పులు మళ్లీ కూర్చుంటాయని సర్వీసు వాళ్లు సలహా ఇచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇరవై ఏళ్ల తర్వాత, 2000లో, అదే కంపెనీ జీ4 క్యూబ్ అని ఫ్యాను లేని ఎనిమిది అంగుళాల అందమైన డబ్బా తెచ్చింది. ఏడాది తిరగకముందే తయారీ ఆపేసింది. చూడటానికి ముచ్చటగా ఉంది గానీ, ఆ ధరకు అంతకన్నా ఎక్కువ చేయగల పెద్ద డబ్బా అదే దుకాణంలో దొరికింది.

మరి గెలిచింది ఎవరు? 1981 ఆగస్టులో వచ్చిన ఐబీఎం పీసీ. చిన్నది కాదు, అందమైనదీ కాదు. కానీ మూత తీస్తే లోపల ఐదు స్లాట్లు. ఏ కంపెనీ కార్డయినా తెచ్చి గుచ్చుకోవచ్చు. ఖాళీ చోటు దండగ అనిపించేది, నిజానికి ఆ ఖాళీలోనే రేపు రాబోయే సౌండు కార్డు, గ్రాఫిక్స్ కార్డు ఉన్నాయి. తర్వాత ఇతర కంపెనీలు కూడా అదే కొలతలతో తయారు చేశాయి. ఈ రోజు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు, చెన్నైలో రిచ్చీ స్ట్రీటు బతుకుతున్నాయంటే ఆ ఖాళీ స్లాట్ల పుణ్యమే. ఒకరి బోర్డు, ఇంకొకరి ఎస్ఎంపీఎస్, మరొకరి క్యాబినెట్ కలిసి పనిచేస్తాయి. ఇది కంప్యూటర్ల బ్రాడ్‌గేజి అనుకోండి.

ఆటల డబ్బాలు

పీసీకి పక్కనే ఇంకో వరస నడిచింది, టీవీకి తగిలించే ఆటల యంత్రాలు. తొంభైల్లో మన ఇళ్లలో కూడా పసుపు రంగు క్యాసెట్టు గుచ్చి ఆడే టీవీ గేములు ఉండేవి, మన అబ్బాయిలు వాటి కోసం టీవీ సీరియళ్ల వేళ తల్లులతో గొడవపడేవారు. ఆ తరం యంత్రాలు పుట్టించే వేడి స్వల్పం. తర్వాతి తరాలకు బలం పెరిగింది, వేడీ పెరిగింది, డబ్బా మాత్రం టీవీ కింద పట్టాలి.

దాని ఫలితం 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో కనబడింది. ముందు భాగంలో మూడు ఎర్ర లైట్లు వెలిగి యంత్రం చచ్చిపోయేది. వేడెక్కి చల్లారే క్రమంలో లోపలి చిప్పుల అతుకులు పగలడం దానికి కారణం. 2007 జులైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. అంత పెద్ద కంపెనీ, అంతమంది ఇంజనీర్లు ఉండి కూడా ఇరుకు డబ్బాలో వేడిని తక్కువగా అంచనా వేశారు. తేడా ఏమిటంటే ఆ బిల్లు వాళ్లు కట్టగలిగారు. మన ఇంట్లో వారంటీ దాటాక అలాంటిది జరిగితే బిల్లు మనమే కట్టాలి. సోనీ వాళ్లు 2020లో ప్లేస్టేషన్ 5 తెచ్చినప్పుడు అది సుమారు 39 సెంటీమీటర్ల ఎత్తుంది. అంత పెద్దదేమిటని జనం నవ్వారు. ఆ పెద్దతనంలో ఎక్కువ భాగం గాలికి, వేడిని మోసే లోహానికి ఇచ్చిన చోటే.

మోసుకెళ్లడం కోసం చిన్నది

అసలు గేమింగ్ పీసీని చిన్నది చేయాలని ఎందుకనిపించింది? మోసుకెళ్లడానికి. తొంభైల చివర్లో, ఇంటర్నెట్టు సరిగా లేని రోజుల్లో, కలిసి ఆడాలంటే అందరూ తమ కంప్యూటర్లు ఒకచోటికి మోసుకెళ్లి తీగలతో కలుపుకునేవారు. పెద్ద టవరు, దాని మీద డబ్బా మానిటరు. రెండూ మోస్తే నడుం పడిపోయేది. 2001లో తైవాన్‌కు చెందిన షటిల్ కంపెనీ రొట్టెల డబ్బాలాంటి చిన్న కంప్యూటర్ తెచ్చింది. అదే ఏడాది అదే దేశానికి చెందిన వయా కంపెనీ మినీ ఐటీఎక్స్ అని 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డు కొలత ప్రకటించింది. ఆ బోర్డు ఆటల కోసం పుట్టింది కాదు, తక్కువ కరెంటు వాడే చిన్న పనుల కోసం. కానీ కొలత అందరికీ తెలిసినది కావడంతో తర్వాత ఆటగాళ్లు పట్టుకున్నారు.

ఇక్కడ నాకు నచ్చిన భాగం ఉంది. పెద్ద కంపెనీలు సరైన చిన్న క్యాబినెట్ చేయడం లేదని ఆటగాళ్లే కొలతలు గీసుకుని, చందాలు పోగుచేసి చేయించుకున్నారు. 2013లో ఎన్‌కేస్ ఎం1 అలా వచ్చింది, 12.6 లీటర్లు. తర్వాత డాన్ ఏ4, 7.2 లీటర్లు. లీటర్లలో ఎందుకంటారా? క్యాబినెట్ బయటి పరిమాణాన్ని అలాగే కొలుస్తారు. మన ఇంటికి వచ్చే నీళ్ల క్యాను 20 లీటర్లు. మామూలు పెద్ద టవరు రెండు క్యాన్ల పైమాట. ఎన్‌కేస్ క్యానులో సగానికి కొంచెం ఎక్కువ. డాన్ క్యానులో మూడో వంతు. అందులో పూర్తి సైజు గ్రాఫిక్స్ కార్డు పెట్టడానికి కార్డును బోర్డు వెనక్కి తిప్పి, మధ్యలో పలుచని తీగ పట్టీతో కలిపారు. కాల్‌త్రోప్ చూస్తే మెచ్చుకునే పని.

కానీ చోటు మారిన ఖర్చు కూడా చూడండి. ఒకే చిప్‌సెట్ ఉన్న బోర్డుల్లో చిన్నది పెద్దదానికన్నా ఖరీదు. ర్యామ్ పెట్టే చోట్లు నాలుగుకు బదులు రెండే. కార్డు స్లాటు ఒక్కటే. ఎస్ఎంపీఎస్ కూడా చిన్న రకం కావాలి, అదే వాట్లకు ధర ఎక్కువ. ప్రాసెసరు మీద పెట్టే ఫ్యాను పొట్టిది. పొట్టి ఫ్యాను అంతే గాలి తోలాలంటే వేగంగా తిరగాలి, వేగంగా తిరిగితే గీపెడుతుంది. అయినా ఇవన్నీ ప్రామాణిక కొలతల వస్తువులే. రేపు ఏది చెడితే అది మార్చుకోవచ్చు.

మూత తెరిచినా ఏమీ మార్చలేని కాలం

ఆ తర్వాతి అడుగులో అది కూడా పోయింది. ఇంటెల్ 2012-13 ప్రాంతంలో నక్ అని అరచేయంత కంప్యూటర్లు మొదలుపెట్టింది. 2018లో అందులోనే గట్టి గ్రాఫిక్స్ ఉన్నది తెచ్చింది. ప్రాసెసరు బోర్డుకే అతికి ఉంటుంది. 2023లో ఇంటెల్ ఆ వ్యాపారం వదిలేసి ఆసుస్‌కు అప్పగించింది. కంపెనీ మనసు మారితే మన డబ్బా ఒంటరిదవుతుంది. గేజి మనది కాకపోతే జరిగేది ఇదే.

స్టీమ్ ఆటల దుకాణం నడిపే వాల్వ్ 2015లో స్టీమ్ మెషీన్ పేరుతో ఇతర కంపెనీల చేత చిన్న పీసీలు చేయించింది. లినక్స్ మీద నడిచే ఆటలు అప్పట్లో తక్కువ, ధరలు ఎక్కువ. ఆ బండి కదల్లేదు. 2018లో విండోస్ ఆటల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ చేసి, 2022లో చేతిలో పట్టుకునే స్టీమ్ డెక్ తెచ్చాకే ఆ కష్టం ఫలించింది. 2025 నవంబరులో మళ్లీ స్టీమ్ మెషీన్ ప్రకటించింది. ఈసారి సుమారు 16 సెంటీమీటర్ల ఘనం, నాలుగు లీటర్లలోపు. ర్యామ్, స్టోరేజీ మార్చవచ్చు. ప్రాసెసరు, గ్రాఫిక్స్ మాత్రం బోర్డుకే అతికినవి.

నాకు అన్నిటికన్నా పాఠంగా కనబడింది 2025 ఫిబ్రవరిలో ఫ్రేమ్‌వర్క్ ప్రకటించిన డెస్క్‌టాప్. ఈ కంపెనీకి పేరొచ్చిందే ప్రతి భాగమూ విప్పి మార్చుకోగల ల్యాప్‌టాప్‌లతో. వాళ్లు నాలుగున్నర లీటర్ల డబ్బా చేస్తే, అందులో మెమొరీ బోర్డుకు అతికించేయవలసి వచ్చింది. ఎంచుకున్న ఏఎండీ చిప్పు మెమొరీతో మాట్లాడే వేగానికి విడి స్లాటు పెడితే సంకేతాలు నిలబడలేదు, ఏఎండీతో కలిసి ప్రయత్నించినా కుదరలేదని కంపెనీయే చెప్పింది. మార్చుకునే వీలు మీదే బతికే కంపెనీ కూడా ఐదు లీటర్ల నూనె డబ్బా సైజులో ఆ వీలును వదులుకుంది. పైగా 2025 చివరికొచ్చేసరికి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల మెమొరీ ధరలు బాగా పెరిగాయి. విడి ర్యామ్ అయితే ఈ రోజు కొంచెం, రెండేళ్ల తర్వాత కొంచెం వేసుకోవచ్చు. అతికించినదైతే కొన్న రోజునే జీవితకాలానికి సరిపడా కొనాలి.

నౌబాద్‌లో ఈ లెక్క

ఇదంతా అమెరికా, తైవాన్ కథ, మనకేమిటంటారా? మన ఊరి సంగతే చెబుతాను. గట్టి గేమింగ్ పీసీ ఆట నడుస్తున్నప్పుడు 300 వాట్ల దాకా తీసుకుంటుందనుకోండి. అంటే పాతకాలపు 60 వాట్ల బల్బులు ఐదు. వాటిని పెద్ద పెట్టెలో వెలిగించడం వేరు, చెప్పుల పెట్టెలో వెలిగించడం వేరు. పైగా కంప్యూటరు లోపలి వేడి గది వేడి మీద లెక్క. గది 25 డిగ్రీలున్నప్పుడు చిప్పు 75 ఉంటే, గది 38 అయినప్పుడు అది 88 దగ్గరికి పోతుంది. ఇంకొంచెం ఎక్కితే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. యూట్యూబులో సమీక్ష చేసేవాడు ఏసీ గదిలో కూర్చుని చూపించిన వేగం మనకు మే నెలలో, 40 దగ్గరికి వెళ్లే బీదర్ ఎండలో, సీలింగ్ ఫ్యాను కింద రాదు. మనం పూర్తి వేగానికి డబ్బు కట్టి, ఎండాకాలంలో తగ్గిన వేగం వాడుకుంటాం.

రెండోది ఎర్ర మట్టి. కిటికీ తీస్తే బల్ల మీద ఎర్ర పొర. పెద్ద క్యాబినెట్‌కు జల్లెడ ఉంటుంది, తీసి దులపవచ్చు. చిన్నదానిలో రెక్కల సందులు సన్నం, దుమ్ము త్వరగా పేరుకుంటుంది, విప్పడం కూడా కష్టం.

మన నౌబాద్ కరేజ్‌ను తలచుకోండి. పదిహేనో శతాబ్దంలో బహమనీల కాలంలో ఈ జేగురు రాతి కింద సొరంగం తొలిచి నీళ్లు తెచ్చుకున్నారు. 2014లో ప్రపంచ స్మారక నిధి తన జాబితాలోకి ఎక్కించాక ఊళ్లో చాలామందికి దాని విలువ తెలిసింది. సొరంగం పొడుగునా అక్కడక్కడ నిలువు బావులు తవ్వి పెట్టారు. లోపలి మనిషికి గాలి, వెలుతురు కోసం, మట్టి పైకి తీయడానికి, తర్వాత ఎప్పుడైనా దిగి శుభ్రం చేయడానికి. నీళ్లు రావడానికి సొరంగం చాలు. అది వందల ఏళ్లు నిలవడానికి ఆ బావులు కావాలి. వాటిని పూడ్చేసిన చోటే నీళ్లు ఆగాయి. గాలి దారి, మనిషి చెయ్యి పట్టే దారి లేని యంత్రం ఎక్కువ కాలం నిలవదని మన ఊరివాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మూడోది రిపేరు. మామూలు టవర్లో ఎస్ఎంపీఎస్ పోతే బీదర్‌లోనే ఆ సాయంత్రం మారుస్తారు. చిన్న రకం ఎస్ఎంపీఎస్ కోసం సికింద్రాబాదు వెళ్లాలి లేదా ఆన్‌లైనులో తెప్పించుకోవాలి. అతికించిన బోర్డు పోతే మొత్తం డబ్బా కంపెనీకి పంపాలి. పంపి ఎదురుచూసే రోజుల్లో పిల్లవాడి ప్రాజెక్టు ఉంటే? ఇదే మన ట్రాన్స్‌షిప్‌మెంట్ ఖర్చు, కొన్న రోజు బిల్లులో కనబడదు.

మరి ఏం చేయాలి

అన్ని ఇళ్లకూ ఒకే జవాబు లేదు. లాతూరుకు చిన్న రైలే సరిపోయిన కాలం ఉందని మొదట్లో చెప్పాను కదా. అలాగే మూడు రకాల ఇళ్లు చూద్దాం.

కంప్యూటరు ఇంట్లోనే ఉంటుంది, కదలదు, బల్ల కింద అడుగున్నర చోటుంది. అలాంటి ఇంటికి చిన్నదనం కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టవద్దు. మైక్రో ఏటీఎక్స్ బోర్డు, గాలి ఆడే మధ్యస్థం క్యాబినెట్, మంచి ఎస్ఎంపీఎస్. చిన్నదనానికి పోయే డబ్బు గ్రాఫిక్స్ కార్డుకో, యూపీఎస్‌కో పెట్టండి. చిట్టీ పాడి కొందామనుకుంటున్నవారు ఇంకో పని చేయవచ్చు. లోపల గ్రాఫిక్స్ ఉన్న ఏఎండీ ప్రాసెసరుతో మొదలుపెట్టి, ఖాళీ స్లాటు అలాగే ఉంచండి. చిన్న ఆటలు, కాలేజీ చదువు నడిచిపోతాయి. కార్డు రెండేళ్ల తర్వాత వేసుకోవచ్చు. అప్పుడు చిట్టీ అవసరం లేదు. అతికించిన డబ్బాలో ఈ వాయిదా వీలు లేదు, అదే పెద్ద తేడా.

రెండోది, పిల్లలు హాస్టలుకో, అద్దె గదికో పోతున్నారు, ఏడాదికి రెండుసార్లు సామాను మోయాలి. ఇక్కడ చిన్నదనానికి నిజమైన విలువ ఉంది. కానీ ముందు ఒకటి అడగండి. క్లాసుకు తీసుకెళ్లాలా? అవునంటే ల్యాప్‌టాపే దారి, చిన్న డబ్బాకు మానిటరు, కీబోర్డు కూడా మోయాలి కదా. గదిలోనే ఉంచుతామంటే 10 నుంచి 15 లీటర్ల మధ్య, మినీ ఐటీఎక్స్ బోర్డుతో, ప్రామాణిక వస్తువులతో కట్టించుకోవచ్చు. ఖరీదు ఎక్కువే, కానీ ఆ ఎక్కువకు ప్రతి సెలవులకూ పని దొరుకుతుంది.

మూడోది, ఒక్క గది ఇల్లు, టీవీ పక్కనే పెట్టాలి, ఆటలే ముఖ్యం. అప్పుడు మూసిన డబ్బా, గేమ్ కన్సోల్ లాంటిది, తప్పు కాదు. కానీ దాన్ని కంప్యూటరు అనుకోకుండా మిక్సీలాగా, టీవీలాగా చూడండి. అన్నీ కొన్న రోజే సరిపడా ఉండాలి, మూడేళ్ల వారంటీ ఉంటే తీసుకోవాలి, నాలుగు వైపులా జానెడు ఖాళీ వదిలి పెట్టాలి, అల్మారా లోపల పెట్టకూడదు. పెద్ద మార్పులు చేసుకుంటానని పిల్లవాడు చెప్పినా నమ్మవద్దు, మార్చడానికి అందులో పెద్దగా ఏమీ ఉండదు.

రిటైర్మెంటు డబ్బు గురించి అడిగిన అన్నగారికి ఒక మాట. మీ దగ్గర డబ్బు ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ డబ్బు మళ్లీ రాదు కాబట్టి, భాగాలు విడివిడిగా మార్చుకోగల యంత్రమే కొనండి. అలాంటిది ఐదేళ్ల తర్వాత కూడా సగం పనికొస్తుంది. క్యాబినెట్, ఎస్ఎంపీఎస్, మానిటరు అలాగే ఉంటాయి. మూసిన డబ్బా ఐదేళ్లకు మొత్తంగా పాతదవుతుంది.

ఆటలు వద్దని అన్నవారికి కూడా ఒకటి చెప్పాలి. ఎన్‌కేస్ చేయించుకున్నవాళ్లు ఆటగాళ్లే. ఆట కోసం మూత తీసినవాడు వేడి గురించి, వాట్ల గురించి, గాలి దారి గురించి నేర్చుకున్నాడు. మీ అమ్మాయి గానీ అబ్బాయి గానీ డబ్బా అడిగితే, కాగితం మీద లెక్క వేయమనండి. ఏ భాగం ఎంత, ఎన్ని వాట్లు, ఏది చెడితే ఎక్కడ దొరుకుతుంది, ఎండాకాలంలో ఏమవుతుంది. ఆ కాగితం తెచ్చి చూపిస్తే సగం డబ్బు రాబట్టుకున్నట్టే అనుకోండి. తీసుకొచ్చిన కాగితం ఇక్కడ గ్రూపులో పెట్టండి. మనలో ఈ రంగంలో పనిచేసే కుర్రాళ్లున్నారు, చూసి చెబుతారు. కొనడానికి సికింద్రాబాదు వెళ్లే ఇళ్లు రెండు మూడు ఉంటే ఒకే రోజు కలిసి వెళ్లండి, బేరంలో నలుగురు ఉంటే మంచిది. పొద్దున రైలు టైము అడిగితే నేను చెబుతాను, ఆ పని ఇంకా మరిచిపోలేదు.